మారిషసు దీవి: వర్గముల లెక్క

హిందూ మహాసముద్రమున మడగాస్కరునకు తూర్పుగా నున్న మారిషసు దీవిలో చెల్లుబడియగు కాగితపు నోట్లను ఏడింటిని ఒక బల్లమీద వరుసగా పఱచి చూచినచో, ఆ దేశపు రాజ్యతంత్ర మంతయు కన్నుల యెదుట నిలుచును. 25 రూపాయల నోటుమీద చీనా సంతతివాడైన మొయిలిన్ జాన్ ఆషూయెన్ కలడు. 50 రూపాయల నోటుమీద ఫ్రెంచి సంతతివాడైన మోరిసు పాటురో, 100 రూపాయల నోటుమీద తమిళుడైన రెంగనాదెన్ సీనీవాసెన్, 200 రూపాయల నోటుమీద మహమ్మదీయుల నాయకుడు అబ్దుల్ రజాక్ మొహమ్మదు, 500 రూపాయల నోటుమీద హిందూ కూలిజనుల పక్షమున పోరాడిన సుఖదేవ్ విష్ణుదయాళు కన్పట్టుదురు. 1000 రూపాయల నోటుమీద నున్నవాడు క్రియోలుల నాయకుడైన గాయతాన్ దువాలు. కడపటిదైన 2000 రూపాయల నోటు స్వతంత్ర మారిషసునకు మొదటి ప్రధానమంత్రియైన శివసాగర రామగులాముది. ఇందు దువాలు సంగతి ప్రత్యేకముగా గమనింపదగినది. 1967 ఎన్నికలలో స్వాతంత్ర్యము వలదని ప్రజలను వోటడిగినవాడాయన. అట్టివాని ముఖమును స్వతంత్ర రాజ్యము తన నోటుమీద ముద్రించుకొనుట మఱి యేదేశమునను తఱచుగా కానరాదు.

ఈ ముఖముల వరుసను మొదట అచ్చువేసినది 1998లో. ఎవరిని విడిచినను తగవు వచ్చునని ఏడుగురిని ఏఱి కూర్చినవారు, అక్షరముల వరుస విషయమున మాత్రము ఏమఱిరి. అంతకుముందు నోట్లమీద మొదట ఆంగ్లము, దాని పిమ్మట తమిళము, ఆ పిమ్మట హిందీ ఉండెడివి. క్రొత్త నోట్లలో హిందీ యొక మెట్టు పైకి వచ్చినది, తమిళము ఒక మెట్టు క్రిందికి దిగినది. సీనీవాసెన్ ముఖము నోటుమీద నున్నను తమిళులకు తృప్తి కలుగలేదు. ఫ్రెంచివారి కాలముననే, లాబూర్దొనే గవర్నరుగా నున్న దినములలో, పుదుచ్చేరినుండి వచ్చి పోర్టు లూయీ పట్టణమును కట్టిన శిల్పులు మా పూర్వులు గదా, అందఱికంటె ముందు వచ్చిన మేము వెనుకకు పోవుటెట్లని వారు వీథులకెక్కిరి. ప్రభుత్వము ఆ నోట్లను ఉపసంహరించుకొని, పాతవరుసతో మరల 1999లో అచ్చువేయించినది.

రెండు పంక్తుల అక్షరములకై ఇంత రభసయా యని నవ్వుట సులభము. మేమట్లు నవ్వజాలము. అచ్చుకూలి యెంతయైనను వీథిపోరుకంటె చౌక యని ఆ ప్రభుత్వమునకు అనుభవపూర్వకముగా తెలియును. అనేక జాతులవారు కూడియున్న దేశమున ప్రతివానికిని 'నీవును లెక్కలో ఉన్నావు' అని చూపుటయే ఏలుబడిలో సగము పని. అట్టి లెక్క చూపియే మారిషసు అర్ధశతాబ్దమునకు పైగా శాంతిని కాపాడుకొన్నది. ఆ లెక్కయే నేడు అక్కడివారి కాలికి బంధమైనది. ఈ రెండును ఒకే ఏర్పాటునుండి యెట్లు కలిగినవో చూపుటయే మా యుద్దేశము. మన తెలుగువారు కొందఱు ఆ లెక్కలో ఉన్నారు గావున ఈ చర్చ మనకు బొత్తిగా పరాయిది కాదు.

ఆ దీవికి ఆదివాసులనువారు లేరు. ఇది మొదట జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి. ఒలాందావారు వచ్చి విడిచిపోయిరి. 1715లో ఫ్రెంచివారు దానిని తమదని ప్రకటించి, మడగాస్కరునుండియు తూర్పు ఆఫ్రికానుండియు బానిసలను తెచ్చి చెఱకుతోటలు వేయించిరి. 1810లో ఆంగ్లేయులు జయించిరి గాని ఫ్రెంచివారి భాషను, ధర్మశాస్త్రమును, భూములను వారికే విడిచిరి. 1835 ఫిబ్రవరి 1వ తేదీన బానిసత్వము రద్దయినది. విముక్తులైన బానిసలు తాము కొరడాదెబ్బలు తిన్న తోటలలో మరల పనిచేయ నిష్టపడరైరి. అంతకు ముందేడే, అనగా 1834లోనే, తోటదొరలు హిందూదేశమునుండి ఒప్పందపు కూలీలను దింపుకొనుట కారంభించియుండిరి. అది మొదలు 20వ శతాబ్దారంభము వఱకు వచ్చినవారు ఇంచుమించు నాలుగున్నర లక్షలు. అందు పెక్కురు కలకత్తా రేవునుండి పోయిన భోజపురీ భాషీయులు. మదరాసు రేవునుండి తమిళులు, కోరంగినుండియు విశాఖపట్టణమునుండియు మనవారు, బొంబాయినుండి మహారాష్ట్రులు పోయిరి. గుజరాతీ మహమ్మదీయ వర్తకులును చీనా చిల్లరవర్తకులును తమంతట తామే వచ్చి అంగళ్లు పెట్టుకొనిరి. నేలతల్లి బిడ్డలము మేమే యని చెప్పుకొను హక్కు ఎవ్వరికిని లేకపోవుట ఆ దీవికి కలిగిన మేలని మా యభిప్రాయము. అందఱును పడవ దిగినవారే. తగవు ఎవరు ముందు దిగిరన్న దానిమీదనే గాని ఎవరిది నేల యన్న దానిమీద రాలేదు.

భూస్వాములగు పాఠకులకు మఱియొక విషయము చెప్పవలెను. 19వ శతాబ్దపు ఉత్తరభాగమున పంచదార ధర పడిపోయి తోటదొరలకు రొక్కము కఱవైనపుడు, వారు తమ యెస్టేటుల అంచులనున్న నాసిభూములను చిన్న చిన్న మడులుగా కోసి, ఒప్పందము తీఱిన కూలీలకు అమ్మిరి. కడుపు కట్టుకొని దాచిన సొమ్ముతో ఆ కూలీలు వానిని కొని, రాళ్లు ఏఱి, చెఱకు వేసి, ఊళ్లు కట్టుకొనిరి. మారిషసులోని హిందూదేశీయుల రాజకీయ బలమునకు పునాది ఆ రాళ్లభూమియే. నేల కొనలేక తీరమున చేపలు పట్టుచు, రేవులలో మూటలు మోయుచు నిలిచిపోయిన విముక్త బానిసల సంతతికి ఆ పునాది దొరకలేదు. ఈ భేదము తరువాతి కథ కంతటికిని మూలము.

వోటుహక్కు కథ క్లుప్తముగా చెప్పవచ్చును. 1948 ఎన్నికలకు ముందు వోటరులు పండ్రెండువేలలోపు. అపుడు ఆంగ్లమో ఫ్రెంచియో రానక్కరలేదు, దీవిలో వాడుకలోనున్న భాషలలో ఏదేని యొకదానిలో చిన్న వాక్యము చదివి వ్రాయగలిగిన చాలునని క్రొత్త నియమము వచ్చినది. విష్ణుదయాళు సోదరులును వారి అనుచరులును ఊరూర రాత్రిబడులు పెట్టి కూలీలచేత అక్షరములు దిద్దించిరి. వోటరులు డెబ్బదివేలు దాటిరి. 1959లో వయోజనుల కెల్లరకును వోటు లభించినది. అంతటితో లెక్క తలక్రిందులైనది. ఇన్నాళ్లు ఏలినవారు కొలదిమందియైరి, ఇన్నాళ్లు మోసినవారు పెక్కుమందియైరి.

పెక్కుమంది గెలిచినపుడు కొలదిమంది కేమగును? ఈ వెఱపు వట్టి కల్పన గాదు. 1967 ఆగస్టు ఎన్నికలలో స్వాతంత్ర్యపక్షమునకు 39 స్థానములు, దువాలు పక్షమునకు 23 స్థానములు వచ్చినవి. వోటు వేసినవారిలో 100కి 40 మందికి పైగా దువాలు వెంట నిలిచిరి. క్రియోలులు, ఫ్రెంచి సంతతివారు, చీనావారు, తమిళులలో కొందఱు — హిందూ రాజ్యము వచ్చునని భయపడిన వారందఱు అందులో ఉండిరి. పెక్కు కుటుంబములు ఇండ్లు అమ్ముకొని ఆస్ట్రేలియాకు పోయినవి. స్వాతంత్ర్యదినమునకు రెండు నెలలు కూడ లేని 1968 జనవరిలో, రాజధానియగు పోర్టు లూయీలో క్రియోలులకును మహమ్మదీయులకును ఘోరమైన కొట్లాటలు చెలరేగినవి. ఇరువదిమందికి పైగా మరణించిరి. తరతరములుగా ఇరుగుపొరుగున నున్నవారు బండ్లమీద సామానులు వేసికొని తమ తమ వర్గమువారి పేటలకు తరలిపోయిరి. శాంతి నిలుపుటకు సింగపూరునుండి ఆంగ్లేయ సైనికులను దింపవలసివచ్చినది. మార్చి 12వ తేదీన క్రొత్త జెండా ఎగిరినది ఇట్టి పట్టణములో.

ఆ వెఱపును తీర్చుటకు రెండు త్రోవలుండెను. ఒకటి మనకు చిరపరిచితమైనది. 1909లో మింటో-మార్లే సంస్కరణలతో హిందూదేశమున ప్రవేశపెట్టిన ప్రత్యేక నియోజకవర్గములు ఏ ఫలమునిచ్చినవో ఈ పత్రికా పాఠకులకు వివరింపనక్కరలేదు. మహమ్మదీయునకు మహమ్మదీయుడే, హిందువునకు హిందువే వోటు వేయవలెనన్నపుడు, తన వర్గమును ఎక్కువగా రెచ్చగొట్టువాడే గెలుచును. ఆంగ్లేయులు అదే విత్తనమును పసిఫికు సముద్రములోని ఫీజీ దీవులలోను నాటిరి. అక్కడి చెఱకుతోటలకు 1903 మొదలు మదరాసు రేవునుండి మన తెలుగువారును పోయియుండిరి. 1970లో ఫీజీ స్వతంత్రమైనపుడును వర్గమునకొక వోటరుల పట్టిక నిలిచియే యుండెను. హిందూదేశీయుల బలముతో ప్రభుత్వము ఏర్పడినంతనే 1987లో సైన్యము దానిని పడగొట్టినది. 2000లో సాయుధులు హిందూదేశీయుడైన ప్రధానమంత్రిని పార్లమెంటు భవనములోనే బంధించిరి. ఆ పట్టికలు 2013 రాజ్యాంగముతో గాని తొలగలేదు. అప్పటికి వేలకొలది హిందూదేశీయులు ఆ దీవులను విడిచిపోయియుండిరి.

మారిషసు నాయకులు ఆ త్రోవ త్రొక్కలేదు. మహమ్మదీయ నాయకులు తొలుత ప్రత్యేక స్థానములు కోరినను, చివరకు వోటరుల పట్టిక ఒక్కటిగానే ఉండవలెనని స్థిరపడినది. దీవిని 20 నియోజకవర్గములుగా విభజించి, ఒక్కొక్కదానినుండి ముగ్గురిని ఎన్నుకొనునట్లు చేసిరి. దూరమున నున్న రోడ్రిగ్సు దీవికి ఇద్దఱు. మొత్తము 62 మంది. వోటరు మూడు వోట్లను తప్పక వేయవలెను. అందుచే ఏ పక్షమైనను ఒక నియోజకవర్గమున ముగ్గురిని నిలుపునపుడు, ఆ ఊళ్లలోని వర్గములను చూచుకొని కలగలుపుగా నిలుపును. ఒక హిందువు గెలుపునకు క్రియోలు వోటు, క్రియోలు గెలుపునకు మహమ్మదీయుని వోటు కావలసివచ్చును. ఈ చిన్న ఉపాయము వేయి హితబోధలకంటె ఎక్కువ పనిచేసినదని మేము తలచెదము.

ఐనను కొలదిమంది భయము పూర్తిగా తీఱలేదు. కావున ఆ 62 స్థానములపైన మఱి 8 స్థానములు చేర్చిరి. వీనిని 'బెస్టు లూజరు' స్థానములందురు. ఓడినవారిలో మేలైనవారికి ఇచ్చునవి యని యర్థము. ఇది వినుటకు వింతగా నుండును గాన కొంచెము వివరింతుము. అభ్యర్థి నామినేషను పత్రములో తాను ఏ వర్గమువాడో ప్రకటింపవలెను. ఎన్నిక ముగిసినపిమ్మట ఎన్నికల అధికారులు ఒక్కొక్క వర్గమువారు ఎందఱు గెలిచిరో చూచి, ఆ వర్గపు జనసంఖ్యతో పోల్తురు. ఏ వర్గమునకు ఒక్కొక్క ప్రతినిధికి జనులు అధికముగా ఉందురో, అనగా ఏ వర్గమునకు అన్యాయము ఎక్కువగా జరిగినదో, ఆ వర్గమున ఓడినవారిలో ఎక్కువ శాతము వోట్లు వచ్చినవానికి స్థానమిత్తురు. మొదటి నాలుగు స్థానములు పక్షభేదము చూడక ఇట్లు పంచబడును. కడమ నాలుగింటిని, మొదటి పంపకమువలన పక్షముల నిష్పత్తి చెడకుండ సరిచూచుచు పంచుదురు. గెలిచిన పక్షము బలము తగ్గదు, ఓడిన వర్గము బయట నిలువదు. గణితములో చక్కనిది.

ఇది కాగితముమీది ఏర్పాటు మాత్రమే యని తలపరాదు. 1982 ఎన్నికలలో ప్రధాన దీవిలోని 60 స్థానములును ఒక్క కూటమికే పోయినవి. ఇట్టి గెలుపు మఱియొక దేశములో నైనచో ప్రతిపక్షమన్న మాటయే ఉండెడిది కాదు. కాని ఆ 'ఓడినవారి' స్థానములవలన నలుగురు ప్రతిపక్షమువారు సభలో కూర్చుండిరి. 1995లోను, 2024 నవంబరులోను అట్లే 60కి 60 ఒక కూటమికే పోయినవి. ఓడినవానికి చోటు ఉండుట చేతనే గెలిచినవాని గర్వము గాని ఓడినవాని నిరాశ గాని హద్దు మీఱలేదు. రామగులాము సైతము 1969లో నిన్నటి విరోధియైన దువాలును మంత్రివర్గములో చేర్చుకొనెను. దానికి పెట్టిన ఖరీదు తక్కువది కాదు. వాయిదాపడిన ఎన్నికలు 1976 వఱకు జరుగలేదు, పత్రికలమీద ఆంక్షలు వచ్చినవి. ఆ సంగతి మఱుగుపఱచి వట్టి స్తోత్రము చేయుట మాకు తగదు.

ఇక దోషమునకు వత్తము. రాజ్యాంగము గుర్తించిన వర్గములు నాలుగే: హిందువులు, మహమ్మదీయులు, చీనావారు, ఆపైన 'సామాన్య జనసముదాయము'. ఈ నాలుగవదాని నిర్వచనము మిక్కిలి విచిత్రము. తన జీవనవిధానమును బట్టి పై మూడింటిలో దేనికిని చెందనట్లు కనబడువాడు ఈ నాలుగవదానికి చెందును. కోటీశ్వరుడైన ఫ్రెంచి తోటదొరయు, ఆయన తోటలో బానిసయై చచ్చినవాని మునిమనుమడును ఒకే గడిలో పడిరి. మూడు గడులకు పేరున్నది. నాలుగవదానికి 'మిగిలినవారు' అన్నదే పేరు. ఒక జనమును వారు ఏమి కారో చెప్పి గుర్తించుట గుర్తింపగునా?

ఈ లెక్కకు ఆధారమైన జనసంఖ్య ఎప్పటిదో చెప్పినచో పాఠకులు నమ్మరు. అది 1972 నాటిది! ఆ తరువాతి జనాభా లెక్కలలో వర్గమేదని అడుగుట మానివేసిరి. అడిగినకొలది వైరము పెరుగునని తలచిన ఆ నిర్ణయము మంచిదే. కాని 8 స్థానముల పంపకమునకు అంకెలు కావలెను గదా. అందుచే 1982లో రాజ్యాంగమును సవరించి, 1972 అంకెలే ఎల్లకాలము చెల్లునని వ్రాసికొనిరి. అప్పుడు పుట్టిన బిడ్డకు నేడు తల నెఱసినది. వర్గాంతర వివాహములు జరిగినవి, ఒక యింట రెండు మతములవారు భుజించుచున్నారు, మనుమలు ఏ గడిలోనివారో తాతలకే తెలియదు. ఐనను తక్కెడలోని రాళ్లు మాత్రము మాఱలేదు. పాత కొలపాత్రతో క్రొత్త ధాన్యము కొలుచుచున్నారు. మరల లెక్క తీసినచో పాత పుండు రేగునేమో యని భయము, లెక్క విడిచినచో చిన్నవర్గములు మునుగునేమో యని భయము. ఈ రెండు భయముల నడుమ 1972వ సంవత్సరము శాశ్వతమైపోయినది.

నేను ఏ వర్గమువాడనని వ్రాయను, మారిషసువాడనని మాత్రమే వ్రాసెదనన్నవానికి ఏమి గతి? 'రెజిస్తాన్స్ ఎక్ ఆల్టెర్నాటివ్' అను చిన్నపక్షము 2005 మొదలుకొని ఈ ప్రశ్ననే న్యాయస్థానముల ముందుంచినది. వర్గము పేరు వ్రాయనివారి నామినేషనులు త్రోసివేయబడినవి. వారు ఐక్యరాజ్యసమితి మానవహక్కుల సంఘమువఱకు పోయిరి. 1972 నాటి అంకెలమీద నిలిచిన ఏర్పాటునకై నేటి అభ్యర్థిని వర్గము చెప్పుమని నిర్బంధించుట నిరంకుశమని ఆ సంఘము 2012లో తీర్పు చెప్పినది. 2014 ఎన్నికలకు మాత్రము చెల్లునట్లు ఒక తాత్కాలిక శాసనము చేసి, ఇష్టములేనివారు వర్గము చెప్పనక్కరలేదనిరి. అట్టివారికి ఆ 8 స్థానములలో పాలు మాత్రము ఉండదు. 2019 నాటికి పాతనియమమే తిరిగివచ్చినది, పత్రములు మరల త్రోయబడినవి. ఆల్బీ సాక్స్ అను దక్షిణాఫ్రికా న్యాయమూర్తి అధ్యక్షతను 2002లో ఒక సంఘము నివేదిక నిచ్చినది. పక్షములకు వచ్చిన వోట్లను బట్టి పంచు 30 స్థానములను చేర్చుమన్నది అందలి ముఖ్యమైన సూచన. 2018లో ప్రభుత్వము ఒక సవరణబిల్లు తెచ్చినది గాని, కావలసిన మూడువంతుల మద్దతు కానరాక అది నిలిచిపోయినది. అందఱికిని లోపము తెలియును. ముందుగా చేయి వేయుటకు ఎవ్వరును సాహసింపరు.

లెక్కలో నున్నంతమాత్రమున న్యాయము జరుగునా? 1999 ఫిబ్రవరిలో కాయా అను క్రియోలు గాయకుడు పోలీసు నిర్బంధములో మరణించెను. ఆ దీవి సెగా పాటను జమైకా రెగేతో కలిపి 'సెగ్గే' యను క్రొత్త గానమును వ్యాపింపజేసినవాడాయన. ఆయన మరణవార్త వినినంతనే క్రియోలుల పేటలు భగ్గుమన్నవి. నాలుగైదు దినములు దేశము స్తంభించినది. రాష్ట్రపతియైన కాసిం ఉతీం స్వయముగా వీథులలో తిరిగి జనులను శాంతపఱచెను. ఆ అల్లరి ఒక్క గాయకుని మరణమునకై పుట్టినది గాదు. 1970 తరువాత నెలకొల్పిన ఎగుమతి కర్మాగారములు, హోటళ్లు, బ్యాంకులు దేశమునకు సిరి తెచ్చినవి. చెఱకుభూములవారి బిడ్డలు చదివి ఉద్యోగములు పొందిరి, తోటదొరల బిడ్డలు హోటళ్లు కట్టిరి. 'మిగిలినవారి' గడిలోని పేదలు మాత్రము మిగిలియే పోయిరి. పార్లమెంటులో వారి గడికి స్థానములు తక్కువ లేవు. ఆ స్థానములలో కూర్చున్నవారికిని వారికిని సంబంధమే తక్కువ. వర్గమును లెక్కించు త్రాసు, వర్గములోని పేదవానిని లెక్కింపనేరదు. బానిసత్వముయొక్కయు ఒప్పందపు కూలియొక్కయు ఫలములను విచారించుటకు ఏర్పడిన సత్యన్యాయసంఘము 2011లో నివేదిక నిచ్చుచు, భూమి పోగొట్టుకొన్న కుటుంబముల గోడును విపులముగా నమోదు చేసినది.

ఆ అల్లరి పిమ్మట నేతలు మరల పాత విద్యనే ప్రయోగించిరి. ఫిబ్రవరి 1వ తేదీ బానిసవిముక్తి దినము, నవంబరు 2వ తేదీ ఒప్పందపు కూలీల ఆగమనదినము, రెండింటికిని సెలవులే. కూలీలు దిగిన ఆప్రవాసి ఘాటునకు 2006లో ప్రపంచ వారసత్వ గౌరవము లభించినది. పరారియైన బానిసలు తలదాచుకొన్న లె మోర్న్ కొండకు 2008లో లభించినది. ఒకరికి ఒకటి, మఱియొకరికి ఒకటి. 2003లో పాల్ బెరాంజె ప్రధానమంత్రియైనపుడు, హిందువుకానివాడు మొదటిసారి ఆ పదవి నెక్కెనని లోకమంతయు చెప్పుకొన్నది. అట్లు చెప్పుకొనవలసియుండుటయే లెక్క యెంత లోతుకు పోయినదో తెలుపును.

ఇక మనవారి మాట. రాజ్యాంగము దృష్టిలో తెలుగువారు హిందువుల గడిలోనివారే. వ్యవహారములో వారు వేఱొక గడి కట్టుకొనిరి. అక్కడి జనాభా లెక్కలలో మతమేదన్న ప్రశ్నకు 'తెలుగు' అని వ్రాయించుకొనువారు కలరు! తమిళులును మహారాష్ట్రులును అట్లే చేసిరి. దీనిని చూచి విస్తుపోనక్కరలేదు. మతసంఘములకు ప్రభుత్వమిచ్చు ధనము అనుచరుల సంఖ్యను బట్టి వచ్చును. బడిలో భాష, రేడియోలో కాలము, మంత్రివర్గములో పీట, అన్నియు తలల లెక్కమీదనే అడుగవలెను. హిందీ భాషీయుల పెద్ద సముద్రములో కలిసినచో కనబడకుండ పోవుదుమని ఆ చిన్న జనము తెలుసుకొన్నది. భాష పోయినను భజన నిలుచునని వారు రామభజనను, సింహాద్రి అప్పన్న పూజను, అమ్మోరు పండుగను విడువలేదు. ప్రాథమిక పాఠశాలలలో తెలుగు బోధన నిలిచినది. ఉగాది దేశమంతటికి సెలవుదినమైనది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగినవి. జనాభాలో అతిస్వల్పభాగమైన ఒక జనము ఇంత సాధించుకొనుట ఆ లెక్కల పద్ధతివలననే యని ఒప్పుకొనక తప్పదు. దానిని ఊరక నిందించువారు ఈ సంగతి మఱవరాదు.

ఐనను మేమొక మాట చెప్పక విడువజాలము. అక్కడి జనాభా లెక్కలలో రెండు వేఱు వేఱు ప్రశ్నలు అడిగిరి. మీ పూర్వుల భాష యేది యనునది యొకటి, ఇంటిలో ఏ భాష మాటలాడుదురనునది మఱియొకటి. మొదటిదానికి తెలుగు, తమిళము, ఉర్దూ, చీనా మున్నగు పలు జవాబులు వచ్చినవి. రెండవదానికి 2011లో 100కి 80 మందికి పైగా చెప్పిన జవాబు ఒక్కటే, క్రియోలు. బానిసలు ఫ్రెంచి దొరల మాటలను తమ నోటికి అనుగుణముగా మలచుకొని పుట్టించిన భాష యది. దానిని దొరలు విఱిగిన ఫ్రెంచియని ఎగతాళి చేసిరి. వచ్చిన కూలీలు పొలములో నేర్చుకొనిరి. వారి మనుమలు దానిలోనే జోలపాటలు వినిరి, దానిలోనే ప్రేమించిరి, బేరమాడిరి, తిట్టుకొనిరి. నోట్లమీద ఆ భాషకు పంక్తి లేదు గనుక ఏ పంక్తిలో నుండవలెనన్న తగవు దానికి రాలేదు. పెక్కేండ్లు బడులలో చోటు లేక, 2012లో మాత్రమే ప్రాథమిక పాఠశాలలలో ఐచ్ఛికముగా ప్రవేశించినది. ఎవ్వరి పూర్వులదిగాను లెక్కకు రాని ఆ భాషయే అందఱిని ఒక జనముగా చేసినది.

కావున ఆ 8 స్థానములను ఒక్కపెట్టున కొట్టివేయవలెనని మేమనము. వెఱపు ఉన్నచోట వెఱపు లేదని శాసనము చేసినంతమాత్రమున అది పోదు. ఓడినవారికి చోటు ఉండవలెను. కాని ఆ చోటు అభ్యర్థి పుట్టుకను బట్టి గాక పక్షమునకు వచ్చిన వోట్లను బట్టి యిచ్చినచో, పక్షములే తమ పట్టికలో అన్ని వర్గములవారిని నిలుపుకొనును. ఇట్టి పక్షములకు ముగ్గురేసి అభ్యర్థులను కలగలుపుగా నిలుపు అలవాటు అర్ధశతాబ్దమునుండి యున్నది గదా. వర్గము చెప్పుటకు ఇష్టపడని పౌరునికి తన దేశపు సభకు పోటీచేయు హక్కు వెంటనే, నిబంధన లేకుండ, తాత్కాలికముగా గాక లభింపవలెను. ఇది ఆలస్యము చేయదగినది కాదు. 1968లో వెఱపు తీర్చుటకు కట్టిన గడులు, ఆ వెఱపు ఎఱుగని తరమువారికి చెఱసాలలు కారాదు.

ఉగాదినాడు ఆ దీవిలో హిందూ గుమాస్తా, మహమ్మదీయ వర్తకుడు, క్రియోలు రేవుకూలి, చీనా హోటలువాడు అందఱును సెలవు పుచ్చుకొందురు. మనవారి సభలలో పంచాంగశ్రవణము జరుగును. సభ ముగిసి బయటికి వచ్చిన పిల్లలు తమలో తాము మాటలాడుకొనునది క్రియోలే. 1968 రాజ్యాంగము పార్లమెంటునకు ఆంగ్లమును అధికారభాషగా విధించి, సభ్యులు కోరినచో ఫ్రెంచిలో మాటలాడవచ్చునని వ్రాసినది. క్రియోలు పేరు అందులో వ్రాయలేదు.